మెత్తరాళ్లపల్లె జనాభా ఇద్దరు

శ్రీయుత భూసేకరణ ప్రత్యేక ఉప కలెక్టరు గారి సముఖమునకు,
మెత్తరాళ్లపల్లె కాపురస్తుడు, పాత గని కూలీ సుంకన్న వ్రాసి పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మెత్తరాళ్లపల్లె పాత బలపపు రాయి గనిని వేసవి నీటి నిల్వ చెరువుగా మార్చుట – నీరు వదులుటకు ముందు దక్షిణపు సొరంగమును తెరిపించి, అందులో ఉన్న నా భార్య బసమ్మను బయటికి తీయించుట – సదరు గ్రామమును మనుషులు లేని బేచిరాకు గ్రామముగా నమోదు చేయుటపై అభ్యంతరము – గురించి.

సూచిక: మా ఊరి బడి గోడకు తమ సిబ్బంది అంటించిన ప్రకటన. (బడి లేదు. గోడ ఉన్నది.)

పై ప్రకటనలో అభ్యంతరములు ఉన్నవారు పదిహేను దినములలోగా వ్రాతపూర్వకముగా తెలుపవలెనని ఉన్నది. ఎవరూ లేని ఊరని ఒక పక్క వ్రాసి, అభ్యంతరము చెప్పమని అదే ఊరి గోడకు అంటించుటలోని ఆంతర్యము నాకు బోధపడలేదు. అయినను అడిగినారు గనుక తెలుపుచున్నాను. నేను ఐదవ తరగతి చదివినవాడను. చేతివ్రాత బాగున్నదని ఊరి అర్జీలన్నియు నా చేతనే వ్రాయించెడివారు. బోరు కొరకు, కరెంటు స్తంభము కొరకు, బడికి రెండవ పంతులు కొరకు వ్రాసినాను. బస్సు కావలెనని పెట్టిన అర్జీకి జవాబుగా దోమతెరల వాడకము గురించి కరపత్రముల కట్ట వచ్చినది. అప్పటికీ నాకు అర్జీ మీద నమ్మకము పోలేదు. ఇప్పుడు కూడా ఉన్నదనియే అనుకొనుచున్నాను.

1. సరిహద్దుల గురించి. తమ ప్రకటనలో మా ఊరి సరిహద్దులు తప్పుగా పడినవి. సరియైనవి ఇవి: తూర్పున ఎర్రమల గుట్ట. పడమర ఉప్పువంక, అది వానాకాలంలో కొద్ది దినములు పారి, తక్కిన సంవత్సరమంతా ఇసుకగానే ఉండును. ఉత్తరమున బేతంచెర్ల దారి. దక్షిణమున తెల్లదిబ్బ. ఈ తెల్లదిబ్బను తమవారు ‘ప్రకృతిసిద్ధమైన మిట్ట’ అని వ్రాసినారు. అది ప్రకృతిసిద్ధము కాదు. మా తల్లిదండ్రులు, వారి తరువాత మేము, గనిలోని పనికిరాని రాయిని గంపలకెత్తి మోసి పోసిన దిబ్బ. ఊరిలోని ప్రతి ఇంటి మనిషి నెత్తి మీదుగా వచ్చిన మట్టి అది. దానిని దేవుడు పెట్టినట్లు వ్రాయుట న్యాయము కాదు. దయచేసి దిద్దించవలెను.

2. ఊరి చరిత్ర గురించి. అన్నిచోట్ల ఊరు ముందు పుట్టును. మాకు గని ముందు, ఊరు తరువాత. గుట్ట కింద మెత్తరాయి పడినదని తెలిసి కంపెనీ వారు వచ్చినారు. వారి వెంట కూలికి మా తాతల కాలమువారు వచ్చి గుడిసెలు వేసుకొన్నారు. మేము మెత్తరాయి అందుము, లోకము బలపపు రాయి అనును. తడిమితే సబ్బుబిళ్ల వలె జారును. గోటితో గీసినా గీత పడును. మొదట పలక మీద వ్రాసే బలపాలకు పోయెడిది, తరువాత పొడికొట్టి ముఖానికి పూసుకొనే పౌడరుకు పోయినది. తమరు చిన్నతనమున పలక పట్టినవారైతే మా ఊరి రాయితోనే అక్షరములు దిద్ది ఉండవచ్చును. ఈ మాట సిఫారసు కొరకు చెప్పుట లేదు.

గని నడిచినంతకాలము మా ఊరు ఊరుగానే ఉన్నది. బడి ఉండెడిది, టీ బంకు ఉండెడిది, పీర్ల పండుగకు పక్క ఊళ్ళవారు వచ్చెడివారు. పొద్దుగూకి గనిలో నుండి పైకి వచ్చిన మనిషికి కండ్లు, నోరు తప్ప తక్కినదంతయు తెల్లగా ఉండెడిది. బసమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన దినములలో నన్ను గుర్తుపట్టలేక, పక్కింటి వానికి చెంబుతో నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమన్నది. వీధి వీధంతా నవ్వినారు. ఆమె మాత్రము నవ్వలేదు. అందరూ ఒకే తీరుగా ఉంటే నేనెట్లా పోల్చుకోవాలని నన్నే తిట్టినది. ఆమె ఆదోని పక్క మనిషి. కోపము వస్తే సగము కన్నడములో తిట్టును, నాకు తక్కిన సగమే అర్థమయ్యెడిది. ఈ సంగతి అర్జీకి అవసరము లేదు. వ్రాసినాను, కొట్టివేయుటకు చేయి రాలేదు.

3. చెప్పుల పద్ధతి గురించి. ఇది తమరు తప్పక తెలుసుకొనవలసినది, ఎందుకనగా జరిగినదంతా దీని వలననే జరిగినది. మా గని నోటి వద్ద సుంకులమ్మ రాయి ఉన్నది. గనిలో దిగేవారు ఎవరైనను అమ్మవారి రాయి పక్కన చెప్పులు విడిచి వట్టికాళ్ళతో దిగవలెను. గనిని నడిపించు కంపెనీ ఏజెంటు దొర వచ్చినా బూట్లు విప్పియే దిగెడివాడు. పని ముగిసిన తరువాత మేస్త్రీ అక్కడికి వచ్చి చూచును. చెప్పులు మిగలకపోతే అందరూ పైకి వచ్చినట్లు. ఒక జత మిగిలితే ఒక మనిషి లోపల ఉన్నట్లు, వెంటనే పేరు పెట్టి కేక వేసెడివారు. హాజరు పిలుచుట మా గనిలో లేదు. చెప్పులే హాజరు. మా తాతల నాటి నుండి అది ఎప్పుడూ తప్పలేదు గనుక దాని మీద ఎవరికీ అనుమానము లేదు.

4. ప్రమాదము జరిగిన దినము గురించి. ఇది జరిగి ఇరవై ఏండ్లు దాటినది. మా చెల్లెలు హేమావతి అప్పుడు కడుపుతో ఉన్నది. ఆనాడు పరీక్షకు కర్నూలు పెద్దాసుపత్రికి పోవలసి ఉండగా, ఆమె చెప్పు తెగి ఉన్నది. బసమ్మ తన చెప్పులు విడిచి ఆమె ముందర పెట్టినది.

“నావి ఏసుకోని పో హేమా. ఆస్పత్రికి వట్టికాళ్ళతో పోతే లోకువగా చూస్తారు. నేను యాడికి పోతాండా, గనికేగా.”

ఈ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ తరువాత మండల కార్యాలయానికి బయలుదేరినాను. ఊరికి తాగునీరు కావలెనని అర్జీ ఇచ్చుటకు పోయినాను. నేను అక్కడ వరుసలో నిలబడి ఉండగా ఇక్కడ గనిలో దక్షిణపు సొరంగము కూలినది.

బసమ్మ రోజూ పైన చెట్టు నీడన కూర్చొని రాయి ఏరెడిది. ఆడవారిని గనిలోనికి దింపరాదని చట్టము. కాని గంప మోసే మగవారు తక్కువ పడిన దినమున ఆడవారిని దింపుట మా గనిలో మామూలు. ఆనాడు ఒక మనిషి రాలేదని మేస్త్రీ ఓబుళేశు ఆమెను దక్షిణపు సొరంగములోనికి దింపినాడు. ఓబుళేశు పరాయివాడు కాదు, హేమావతి భర్త, నాకు బావమరిది. సొరంగము కూలిన తరువాత అతనికి మొదట గుర్తుకు వచ్చినది బసమ్మయే. చివరి గంపతో పైకి వచ్చినదో లేదో అతనికి రూఢిగా తెలియదు. సుంకులమ్మ రాయి వద్ద ఆమె చెప్పులు లేవు. అది చాలక మా ఇంటికి మనిషిని పంపి చూపించినాడు. గడప ముందర బసమ్మ చెప్పులు ఉన్నవి. మనిషి వచ్చి, ఆమె ఇంటికాడనే ఉండాదని చెప్పినాడు. అందరూ ఊపిరి పీల్చుకొన్నారు.

నేను పొద్దు వాలిన తరువాత బేతంచెర్ల దారిలో బస్సు దిగి నేరుగా గనికి పరుగెత్తినాను. బసమ్మ యాడ అని అడిగినాను. ఇంటికాడ ఉండాదన్నారు. నేను లోపలివారిని పైకి లాగు మోకు పట్టుకొన్నాను. చీకటి పడే వేళకు కడపటి శవము పైకి వచ్చినది. ఓబుళేశు చెప్పులను మరొకసారి చూచుకొని నా దగ్గరికి వచ్చినాడు.

“సరిపోయింది బావా. లోపల ఇంకెవరూ లేరు.”

అంతటితో తవ్వుట ఆపినారు. తవ్వుటకు వచ్చినవారు పారలు, గునపములు బండిలో వేసుకొన్నారు. నేను ఇంటికి పోయినాను. గడప ముందర చెప్పులు ఉన్నవి. పిలిచినాను. పొయ్యి ముట్టించి లేదు, కడవలో నీళ్ళు పొద్దున నింపినవి నింపినట్లే ఉన్నవి. ఏ శవము వద్దనో ఏడ్చుటకు పోయినదేమో అనుకొని గడపలో కూర్చొన్నాను. అప్పుడు హేమావతి వట్టికాళ్ళతో గని వైపు నుండి వచ్చినది. నన్ను చూచినది, చెప్పులను చూచినది.

“అన్నా, ఆ చెప్పులు నేను తెచ్చిపెట్టినా. బస్సు దిగినాక సంగతి తెలిసి, ఈడ ఇడిసి గనికాడికి ఉరికినా. వదిన యాడ?”

అయ్యా, ఆ మాట తరువాత ఏమి జరిగినదో క్రమముగా వ్రాయుట నాకు చేతకాదు. మళ్ళీ గనికి పరుగెత్తినానని మాత్రము తెలియును.

5. కంపెనీ వారు, ఊరివారు చేసినదాని గురించి. తిరిగి తవ్వమని ఏజెంటు కాళ్ళు పట్టుకొన్నాను. పైకప్పు ఇంకను పగులుచున్నది, మనిషిని దింపితే చచ్చునని అన్నాడు. అది నిజమే కావచ్చును. మరుసటి దినము అతడు వేరే మాట అన్నాడు. ఆడమనిషి గనిలోనికి దిగుట అనునది లేదు, కావున ఆడమనిషి గనిలో ఉండుట అనునది కూడా లేదని అన్నాడు. చట్టము అతని పక్షమున ఉన్నది, చెప్పులు కూడా అతని పక్షముననే ఉన్నవి.

ఓబుళేశు వచ్చి సాక్ష్యము చెప్పునని ఎదురుచూచినాను. వచ్చినాడు. నా ముందర కూర్చొని తల ఎత్తకుండా మాట్లాడినాడు.

“అక్క దిగిందని చెప్తే గని మూసేస్తారంట బావా. మూస్తే ఇంతమంది యాడికి పోవాల? ఉన్నోళ్ళ పొట్ట కొట్టొద్దు బావా.”

ఊరిలోని పెద్దలు కూడా అదే మాట అన్నారు. ఆమె వెంట కూర్చొని రాయి ఏరిన ఆడవారిని విచారణకు పిలిచినప్పుడు, చూడలేదన్నారు. వారిలో ఒకామె నా కండ్లలోకి చూడలేక కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. అందరికీ పిల్లలున్నారు. నేను వారిని శపించినాను, ఇప్పుడు శపించుట లేదు. కాని బసమ్మ లోపల లేకపోతే మరి ఎక్కడ ఉన్నదను ప్రశ్నకు జవాబు ఒకటి కావలసి వచ్చినది. రాయి తీసుకొనిపోవు లారీ ఎక్కి ఎవరితోనో వెళ్ళిపోయినదని ఎవరో అన్నారు. ఎవరు మొదట అన్నారో నేటికీ నాకు తెలియదు. పోలీసువారు దానినే వ్రాసుకొన్నారు. ఆమెకు లారీ ఎక్కితే వాంతులు అయ్యెడివి. ఆ సంగతి చెప్పినాను, వ్రాసుకొనలేదు.

అయ్యా, భార్య చచ్చినందుకు ఏడ్చే హక్కు మగవానికి ఉండును. లేచిపోయినదని లోకము అనుకొన్న భార్య కొరకు ఏడిస్తే నవ్వుతారు. నేను ఇన్నేండ్లు అట్లే ఏడ్చినాను.

6. గని కొరకు ఊరు నోరు మూసుకొన్నది. ఏడాది తిరగకముందే రాయి అయిపోయినదని కంపెనీ వారు గనిని మూసినారు.

7. తరువాతి చరిత్ర. కంపెనీ మోటారు పోయినది, దానితో బోరు నీళ్ళు పోయినవి. కొందరు బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలకు, కొందరు గుంటూరు మిరపకోతలకు, కొందరు బెంగుళూరు కట్టడపు పనులకు పోయినారు. పోయేవారు తలుపులు, వాసాలు పీకి బండ్ల మీద వేసుకొనిపోయినారు, అందుకే తమకు మా ఊరు పైనుండి చూస్తే గోడలుగా మాత్రమే కనబడును. ఓబుళేశు కర్నూలులో ఊపిరితిత్తుల జబ్బుతో పోయినాడు. హేమావతి అక్కడనే ఉన్నది. ఆనాటి నుండి ఆమె చెప్పులు వేసుకొనలేదు. రోహిణికార్తె ఎండలో, కర్నూలు తారు రోడ్డు మీద కూడా వేసుకొనదు. నేను తిట్టి చూచినాను, ఆమె కూతురు ఏడ్చి చూచినది.

నేను పోలేదు. ఎందుకు పోలేదని అడిగినవారికి మోకాళ్ళ నొప్పులని చెప్పినాను. ఇంటిదానిని లోపల పెట్టి నేనెట్లు పోవుదును?

8. ప్రభుత్వ లెక్కలలో నా భార్య పరిస్థితి గురించి. రేషను కార్డులో ఆమె పేరు తీసివేయుటకు మరణ పత్రము కావలెనని ఒక కార్యాలయములో అన్నారు. మరణించినట్లు రుజువు లేదు, కావున పత్రము ఇవ్వలేమని మరొక కార్యాలయములో అన్నారు. సరే, బ్రతికియున్నట్లే ఉండనిమ్మని ఊరుకొన్నాను. కొన్నేండ్లకు, వేలిముద్ర వేయనందున ఆమె పేరు తొలగించడమైనదని చెప్పినారు. గనిలో ఉన్న మనిషి వచ్చి వేలిముద్ర ఎట్లు వేయును? అయితే ఓటర్ల జాబితాలో ఆమె పేరు నేటికీ నా పేరు కిందనే ఉన్నది. ప్రతి ఎన్నికకు ఆమెకు చీటీ వచ్చును. కావున సదరు గ్రామములో ఇద్దరు ఓటర్లు ఉన్నట్లు ప్రభుత్వము వారే ఒప్పుకొనుచున్నారని మనవి.

9. సర్వే గురించి. తమ తరఫున సర్వేయరు కిరణ్‌కుమార్ గారు గాలిలో ఎగిరే యంత్రముతో వచ్చినారు. రాజంపేట పక్క పిల్లవాడట, మర్యాద తెలిసినవాడు. నన్ను చూచి ఉలిక్కిపడినాడు. ఈ ఊరు బేచిరాకు అని, అనగా దీపము పెట్టే దిక్కు లేనిదని రికార్డులో ఉన్నదని చెప్పినాడు. నేను నా ఇంటిలోని దీపము చూపించినాను.

“ఒక్కడివే ఉండావా పెద్దాయనా?”

“ఇద్దరం ఉండామప్పా.”

అతడు ఇంటిలోనికి తొంగిచూచినాడు. నేను గని వైపు చూపించి, మీ యంత్రము నేల లోపల కూడా చూచునా అని అడిగినాను. చూడదన్నాడు. ఆ యంత్రమును దింపి, నా పక్కన అరుగు మీద కూర్చొని అంతయు విన్నాడు. ఒకరు ఉన్నట్లు తాను వ్రాయగలనని, రెండవ మనిషిని కంటితో చూడనిదే వ్రాయుటకు తనకు అధికారము లేదని చెప్పినాడు. తమకు అర్జీ పెట్టుకొమ్మని సలహా ఇచ్చినది కూడా అతడే. అందుకని అతనిని ఏమియు అనవలదని మనవి.

10. నీటి గురించి. నేను నీటికి అడ్డుపడుచున్నానని తమ సిబ్బంది ఒకరు పక్క ఊరిలో అన్నట్లు తెలిసినది. అది నిజము కాదు. నా సగము బ్రతుకు నీళ్ళు కావలెనని అర్జీలు వ్రాయుటతోనే గడిచినది. పక్క ఊళ్ళ ఆడపిల్లలు ఎండలో బిందెలు మోయుట రోజూ చూచుచున్నాను. వారి నోటి కాడి నీళ్ళు వద్దనుటకు నాకు నోరు రాదు. చెరువు కట్టండి. గని నిండా నింపండి. మా ఊరు మునిగినా నాకు అభ్యంతరము లేదు. నీళ్ళ అడుగున నా భార్యను వదలవద్దని మాత్రమే అడుగుచున్నాను.

కావున తమరు దయయుంచి, నీరు వదులుటకు పూర్వమే దక్షిణపు సొరంగమును యంత్రములతో తెరిపించి, ఆమెను, లేక ఆమెలో మిగిలినదానిని, నాకు అప్పగింపవలెను. ఆమె గనిలో పని చేయుచు మరణించినదని, ఎవరితోను ఎక్కడికిని పోలేదని, ప్రభుత్వము వారు ఒక కాగితము మీద వ్రాసి ఇవ్వవలెను. నష్టపరిహారము నేను కోరుట లేదు. సాక్షి హేమావతి. ఎప్పుడు పిలిచినా వచ్చి చెప్పుటకు సిద్ధముగా ఉన్నది. గనిలో ఆమె ఉన్నచోటు నేను చూపించగలను, అక్కడి వరకు తీసుకొనిపోతే చాలును.

ఇది చదివి పక్కన పెట్టక, చిత్తములో పెట్టుకొనవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమకు విధేయుడు, బసమ్మకు భర్త,
సుంకన్న,
మెత్తరాళ్లపల్లె.

తా.క.: సారూ, పైన రాసిందంతా ఆఫీసు భాష. ఇది నా మాట. తవ్వేదానికి శానా ఖర్చు అయితాదని, కాదని మీరు అంటారని నాకు తెలుసు. అనండి, నేను ఏమనుకోను. మీ మీద కూడా పైన సార్లు ఉంటారు. కానీ ఒక్క పని చెయ్యండి. నీళ్ళు ఇడిసే దినం నాకు ముందుగాల చెప్పంపండి. నేను గని కాడికి పోయి కూచోని దానికి చెప్పుకుంటా. అది నిద్రలో ఉన్నప్పుడు ఊరికే మీద చెయ్యేస్తే బెదురుకోని లేచి కూచునేది, శానాసేపు గుండె దడ తగ్గేది కాదు. ఎప్పుడైనా పేరు పెట్టి పిలిచినాకనే లేపేవాణ్ణి. చెప్పకుండా దాని మీదికి నీళ్ళు ఇడవొద్దు సారూ.